ఢిల్లీ సభ – ఊరి సభ



ప్రతి సంవత్సరము ఈ సంచికలో పిల్లల చదువును గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో మేము నాలుగు మాటలు వ్రాయుచుండుట ఆచారము. ఈసారి పౌరశాస్త్రపాఠమొకటి పెద్దల కొరకే వ్రాయదలచినాము. ఎనిమిదవ తరగతిలో పార్లమెంటు పాఠము చెప్పుచుండగా ఒక పిల్లవాడు లేచి, "అయ్యవారూ, మన బడిముందటి కాలువ బాగుచేయించవలెనన్న ఢిల్లీకి వ్రాయవలెనా, పంచాయతీకి వ్రాయవలెనా?" అని అడిగినాడు. తరగతియంతయు నవ్వినది. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయన, ఆ కాలువ విషయమున మేము మొదట వ్రాసినది ఢిల్లీ సభ్యునికే.

ఆ కథ మొదట చెప్పెదము. 2018 వానకాలమున బడిముందటి మురుగుకాలువ గట్టు తెగి, నీరు వాకిటిలోనికి వచ్చినది. చిన్న తరగతుల పిల్లలు చెప్పులు చేతబట్టుకొని లోనికి రావలసి వచ్చెను. అప్పటికి మా పంచాయతీకి ఎన్నికైన ప్రెసిడెంటు లేడు, వార్డు మెంబరు లేడు. తమిళనాట గ్రామపంచాయతీల పదవీకాలము 2016 అక్టోబరులో ముగిసినది. తరువాతి ఎన్నికలు 2019 డిసెంబరు వఱకు జరుగలేదు. నడుమ మూడేండ్లు ప్రత్యేకాధికారులు పాలించిరి. ఒక్కొక్క అధికారికి పెక్కు గ్రామములు. అడుగుటకు మనిషి దొరకక మేము పార్లమెంటు సభ్యునికి అర్జీ పంపితిమి. అది పెక్కు కార్యాలయములు తిరిగి, నెలల తరబడి ప్రయాణము చేసి, చివరకు "ఇది పంచాయతీ చేయదగిన పని" అను వ్రాతతో మా చేతికే తిరిగి వచ్చినది.

2020 జనవరి 26న క్రొత్త సభ్యులతో గ్రామసభ కూడినది. మన పిల్లల తల్లులు పదునొకండుగురు వెళ్ళి, లేచి నిలిచి, విషయము చెప్పిరి. తీర్మానమైనది. రెండు నెలలు గడవకముందే గట్టు కట్టబడెను. ఖర్చు స్వల్పమే. ఇంత చిన్న పనికి అంతటి ప్రయాణమెందుకు కావలసి వచ్చినది? ఈ ప్రశ్నయే నేటి పాఠము.

అధికారము ఊరికి వచ్చిన దారి

ఊరు తన పనులు తాను చేసికొనుట మన దేశమునకు క్రొత్త కాదు. కాంచీపురము జిల్లాలోని ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలపు శాసనములు, పదవ శతాబ్ది మొదటి భాగమునాటివి, నేటికిని గోడలపై నున్నవి. తాటాకులపై పేర్లు వ్రాసి, కుండలో వేసి, బాలునిచేత తీయించి సభ్యుల నేర్పరచు పద్ధతి వానిలో చెప్పబడినది. లెక్కలు అప్పగింపనివాడును, వాని బంధువులును మరల సభ్యులు కాగూడదని కూడ అందు నియమమున్నది. వేయి సంవత్సరముల క్రిందటనే లెక్క చెప్పవలెనను బుద్ధి మన పెద్దలకుండెను. అయితే ఆ సభ ఊరివారందఱిది కాదు. భూమియు, ఇల్లును, వేదవిద్యయు గల బ్రాహ్మణుల సభ అది. ఈ రెండవ మాటను మరచి మొదటి మాటనే పొగడుట సరికాదు.

ఆంగ్లేయుల కాలమున 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక పాలనా తీర్మానము చేసెను. పిదప బోర్డులు పెరిగినవి. 1946లో మదరాసు రాష్ట్రమున టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఫిర్కా అభివృద్ధి పథకమును ప్రారంభించినది. కొన్ని గ్రామములను ఒక గుంపుగా తీసికొని బావులు, బాటలు, చేతిపనులు, పాఠశాలలు వృద్ధిచేయుట దాని ఉద్దేశము.

1948 నవంబరు 4న రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరు చిత్తు రాజ్యాంగమును ప్రవేశపెట్టుచు, మన గ్రామము సంకుచిత బుద్ధికిని, అజ్ఞానమునకును, కులతత్త్వమునకును నిలయమైనదని కఠినముగా పలికెను. పాలనకు మూలము వ్యక్తియే గాని గ్రామము కాదని ఆయన మతము. ఆచార్య రంగాగారు మున్నగువారు దీనిని గట్టిగా ఖండించిరి. అదే నెల 22వ తేదీన కె. సంతానముగారు, రాజ్యము గ్రామపంచాయతీల నేర్పరచి వానికి స్వపరిపాలనాధికారము లీయవలెనను సవరణ తెచ్చిరి. అంబేద్కరుగారు దాని నంగీకరించిరి. అదియే నేటి 40వ అధికరణము. కాని అది ఆదేశసూత్రము మాత్రమే. ఎవ్వరును న్యాయస్థానమునకు పోయి దానిని అమలుపరపించుకొనజాలరు.

బల్వంతరాయ్ మెహతా సంఘపు నివేదిక 1957లో వచ్చెను. 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులో నెహ్రూగారు పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశమును ఆ దారి పట్టినది. పదేండ్లు గడువకముందే ఆ ఉత్సాహము పెక్కుచోట్ల సన్నగిలెను. ఎన్నికలు వాయిదా పడుట, అధికారులే పాలించుట మామూలయ్యెను. 1989లో 64వ రాజ్యాంగ సవరణ బిల్లు లోకసభలో నెగ్గి రాజ్యసభలో ఓడిపోయినది. రాష్ట్రములను దాటి ఢిల్లీ నేరుగా ఊళ్ళలోనికి చేయి చాచునేమోయని రాష్ట్రముల భయము. చివరకు 1992 డిసెంబరులో 73వ, 74వ సవరణలు పార్లమెంటులో నెగ్గినవి. మొదటిది 1993 ఏప్రిల్ 24 నుండియు, రెండవది జూన్ 1 నుండియు అమలులోనికి వచ్చినవి.

ఇచ్చినదేమి, ఈయనిదేమి

ఈ సవరణలు నిర్బంధముగా ఇచ్చినవి కొన్ని గలవు. అయిదేండ్ల కొకసారి ఎన్నికలు జరుగవలెను. పదవీకాలము ముగియకముందే అవి పూర్తికావలెను. పంచాయతీని మధ్యలో రద్దుచేసినచో ఆరు నెలలలోపల క్రొత్తది రావలెను. షెడ్యూలు కులములకును, తెగలకును, మూడవ వంతునకు తక్కువ గాకుండ స్త్రీలకును స్థానములుండవలెను. రాష్ట్ర ఎన్నికల సంఘము, రాష్ట్ర ఆర్థిక సంఘము ఉండవలెను. నేడు దేశమున సుమారు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలున్నవి. స్థానిక సంస్థలలో ముప్పది లక్షల పైచిలుకు ప్రతినిధులున్నారు. ఇందఱు స్త్రీలు ప్రజాసభలలో కూర్చున్న దేశము మరియొకటి చూపుట కష్టము.

ఇక పనులు, అధికారములు, సొమ్ము. 11వ షెడ్యూలులో 29 విషయములు వ్రాసిరి. వ్యవసాయము, త్రాగునీరు, బాటలు, ప్రాథమిక మాధ్యమిక పాఠశాలలు, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యములు అన్నియు అందున్నవి. పురపాలక సంఘములకు 12వ షెడ్యూలులో 18 విషయములు. చదివిన సంతోషము కలుగును. కాని 243-జి అధికరణమును చూడుడు. ఈ అధికారములను రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు "ఇయ్యవచ్చును" అని అందున్నది. "ఇయ్యవలెను" అని లేదు. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోని విషయమగుటచే పార్లమెంటు అంతకంటె ముందుకు పోలేదు. వ్యాకరణములో "వచ్చును" "వలెను" అను రెండు రూపముల భేదము మేము పిల్లలకు చెప్పుచుందుము. ఆ భేదముపైననే దేశపు ఊళ్ళన్నియు ఆధారపడి యున్నవి.

కేరళము "వచ్చును" అను దానిని "వలెను"గా చదువుకొన్నది. 1996లో ప్రారంభించిన ప్రజాప్రణాళికలో, రాష్ట్ర ప్రణాళికానిధులలో 35 మొదలు 40 పాళ్ళ వఱకు స్థానిక సంస్థలకు అప్పగించిరి. పెక్కు రాష్ట్రములు పనుల జాబితా ఇచ్చి, పనివారిని ఈయలేదు. కొన్ని సొమ్ము నిచ్చి, ఖర్చుచేయు స్వేచ్ఛ నీయలేదు. తెలుగువారగు వై. వి. రెడ్డిగారి అధ్యక్షతనున్న 14వ ఆర్థిక సంఘము 2015 నుండి అయిదేండ్లకు స్థానిక సంస్థలకు 2,87,436 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. గ్రామముల భాగము నేరుగా గ్రామపంచాయతీలకే చేరవలెనన్నది. ఇట్టి నిధి రానిచో చాలపంచాయతీలకు వీధిదీపపు బల్బు మార్చుటయే కష్టము.

పార్లమెంటునకు పట్టిన జబ్బు

ఇప్పుడు పై సభను చూతము. పార్లమెంటు పనులు మూడు: శాసనములు చేయుట, ప్రభుత్వమును ప్రశ్నించుట, సొమ్ముకు లెక్క అడుగుట. ఈ మూడును కూర్చుండి మాటలాడినగాని జరుగవు. 1952 నుండి 1957 వఱకు మొదటి లోకసభ 677 దినములు కూర్చున్నది. 2019 నుండి 2024 వఱకు 17వ లోకసభ కూర్చున్నది 274 దినములు. దేశము పెరిగినది, ప్రజలు పెరిగిరి, పనులు పెరిగినవి, సభాదినములు మాత్రము సగమునకంటె తగ్గినవి. ఏ పిల్లవాడైన బడికి ఇట్లు వచ్చినచో మేము తల్లిదండ్రులను పిలిపించియుందుము. రాజ్యాంగ పనితీరును పరిశీలించిన వెంకటాచలయ్యగారి సంఘము లోకసభ ఏటికి కనీసము 120 దినములు, రాజ్యసభ 100 దినములు కూర్చుండవలెనని 2002లోనే చెప్పినది.

బిల్లులను తీరికగా పరీక్షించుటకు 1993లో శాఖలవారీగా స్థాయీసంఘముల నేర్పరచిరి. 15వ లోకసభలో నూటికి సుమారు 70 బిల్లులు సంఘముల పరీక్షకు పోయినవి. 17వ లోకసభలో ఆ సంఖ్య సుమారు 16. ఆ లోకసభకు అయిదేండ్లును ఉపసభాపతి లేడు. సభ ఉపసభాపతిని వీలైనంత త్వరలో ఎన్నుకొనవలెనని 93వ అధికరణము చెప్పుచునే యున్నది.

మరియొకటి, 1985లో వచ్చిన 52వ సవరణ. ఒక పక్షమున గెలిచి మరియొక పక్షమునకు దూకువారిని అరికట్టుటకు దానిని చేసిరి. ఉద్దేశము మంచిదే. కాని ఆ కట్టుబాటు ప్రతి ఓటునకును తగులుకొన్నది. తన ఊరికి నష్టము చేయు బిల్లుకైనను సభ్యుడు పక్షపు ఆజ్ఞ మీరి ఓటు వేసినచో పదవి పోవచ్చును. దినేశ్ గోస్వామి సంఘము 1990లో ఈ నిషేధమును విశ్వాసతీర్మానమువంటి సందర్భములకే పరిమితము చేయవలెనన్నది. అది జరుగలేదు.

రెండు జబ్బులకు ఒకటే మందు

ఇచ్చట ఒక విషయమును తల్లిదండ్రులు శ్రద్ధగా గమనింపవలెను. 73వ సవరణ అమలైన 1993లోనే, డిసెంబరు మాసమున, పార్లమెంటు సభ్యుల ప్రాంతాభివృద్ధి నిధి పుట్టినది. క్రమముగా పెరిగి 2011 నుండి ఏటికి అయిదు కోట్లయ్యెను. ఒక చేతితో ఊరి పనులను పంచాయతీకి ఇచ్చిరి. మరియొక చేతితో అవే పనులకు ఢిల్లీ సభ్యుని పేరిట సొమ్ము పెట్టిరి. ఫలితమేమి? సభ్యుని కొలత మారిపోయినది. "ఏ బిల్లుపై ఏమి మాటలాడెను?" అని అడుగువారు లేరు. "మా వీధికి బోరు వేయించెనా?" అని అడుగువారే అందఱును. మేమును అట్లే అడిగినవారమే కదా!

2011 లెక్కల ప్రకారము తమిళనాట ఒక్కొక్క లోకసభ సభ్యునికి సుమారు 18 లక్షల జనము. వారందఱి కాలువలు చూచుటకు అతనికి సాధ్యము కాదు. చూడవలెనని మనము బలవంతపెట్టినచో, చేయవలసిన శాసనముల పని చెడును. ఇంటి పెద్ద వంటింటి ఉప్పుజాడీని కూడ తన పెట్టెలో పెట్టి తాళము వేసినచో, కూర చప్పబడును, ఆయన వ్యవసాయమును చెడును. కావున పార్లమెంటును బాగుచేయుటయు, పంచాయతీకి అధికార మిచ్చుటయు రెండు వేఱు పనులు కావు. ఊరి పని ఊరికి చేరిననాడు పార్లమెంటు సభ్యునికి తన అసలు పనికి తీరిక దొరకును. మనకును అతనిని అసలు పనిని గూర్చి అడుగు అర్హత వచ్చును.

అల్పసంఖ్యాకులమగు మన సంగతి

"అయ్యవారూ, ఇదంతయు బాగున్నది. ఊరికి అధికారము వచ్చినచో ఊరిలో ఎక్కువ మందియున్నవారికి వచ్చును గదా! తెలుగు పిల్లల సంగతి ఎవరు చూతురు?" అని ఒక తండ్రి మమ్ములను అడిగెను. ఈ ప్రశ్న తేలికైనది కాదు. అంబేద్కరుగారి భయమును ఇదియే. మేమును ఈ విషయమై చాలనాళ్ళు ఆలోచించితిమి.

మాకు తోచిన సమాధానమిది. హక్కు దూరమున భద్రముగా నుండవలెను. పని దగ్గఱనుండవలెను. 29, 30 అధికరణములు మన భాషను కాపాడుకొను హక్కును, పాఠశాలలు నడుపుకొను హక్కును ఇచ్చినవి. వానిని ఏ పంచాయతీయు, ఏ శాసనసభయు తీసివేయజాలదు. ఇది పెద్ద సభలు కావలి కాయవలసిన సొత్తు. 1956లో 7వ సవరణచే చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కలిగించుటకు ప్రతి రాష్ట్రమును, రాష్ట్రములోని ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. "స్థానిక సంస్థ" అను మాట రాజ్యాంగములోనే యున్నది! మనము దరఖాస్తులన్నియు రాజధానికే పంపుచు ఈ మాటను చదువకయే విడిచిపెట్టితిమి.

పై సభల నిర్ణయము మన పిల్లల పలకపై ఎట్లు పడునో మనకు అనుభవమే. 2006లో మన రాష్ట్ర శాసనసభ తమిళ అభ్యసన చట్టము చేసెను. అది ఏటికొక తరగతి చొప్పున పైకి వచ్చి పదవ తరగతిని చేరునప్పటికి, అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు మినహాయింపుల కొరకు న్యాయస్థానములకు పోవలసి వచ్చెను. తమిళము మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. ఈ నేల అన్నము తినుచున్నాము, ఈ నేల భాష మనకు పరాయిది కాదు. తెలుగును నిలుపుకొనుచు తమిళమును నేర్చు మార్గమును ముందుగా మనతో కూర్చుండి ఆలోచించు సభ ఒకటి యున్నచో కోర్టుల దారి తప్పెడిది. శాసనము చేయుటకు ముందు బాధ్యులగువారి మాట వినుట, సంఘములలో పరీక్షించుట అను ఆచారము ఎంత విలువైనదో ఇందువలన తెలియును. ఢిల్లీలో స్థాయీసంఘములు అవసరమైనట్లే చెన్నైలోను అవసరము.

2024లో మన కృష్ణగిరి నియోజకవర్గపు సభ్యుడు లోకసభలో తెలుగున ప్రమాణము చేసినప్పుడు మనమందఱము సంతసించితిమి. ఆ సంతోషము న్యాయమే. అయితే ప్రమాణము ఒక్కనాటి పని. తరువాత సభ ఎన్ని దినములు కూర్చున్నది, అందు మన బడుల మాట ఎన్నిసారులు వచ్చినది అని అడుగుట ఏటేటి పని.

కావలసిన మార్పులు

మేము రాజ్యాంగ పండితులము కాము. అయినను చదివినంతలో ముఖ్యమని తోచినవి చెప్పెదము. ఒకటి, పార్లమెంటు సమావేశదినములకు కనీస సంఖ్య శాసనమున నుండవలెను. రెండు, ముఖ్యమైన ప్రతి బిల్లును స్థాయీసంఘము చూడవలెను. మూడు, ప్రభుత్వము నిలుచుటకును పడుటకును సంబంధింపని ఓట్లలో సభ్యునికి స్వేచ్ఛ యుండవలెను. నాలుగు, 243-జి అధికరణములోని "వచ్చును" "వలెను" కావలెను. అయిదు, ప్రాంతాభివృద్ధి నిధివంటి సొమ్ము గ్రామసభ తీర్మానించిన పనులకే పోవలెను. ఆరు, స్థానిక ఎన్నికలు మూడేండ్లు ఆగిపోవు స్థితి మరల రాగూడదు. ఇరువదియేడు జిల్లాలలో 2019 డిసెంబరున ఎన్నికైన పంచాయతీల గడువు 2025 జనవరిలో ముగిసి, మరల ప్రత్యేకాధికారుల పాలన వచ్చినది. మురుగుకాలువకు ఈ సంగతి తెలియదు. వానవచ్చిన అది పొంగును.

మనము చేయదగినది

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనన్నారు. మన రాష్ట్రమున గ్రామసభలు మునుపు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో జరుగుచుండెను. 2022 నుండి మార్చి 22, నవంబరు 1 కూడ చేరినవి. గ్రామసభ అనగా ఎన్నికైనవారి సభ కాదు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును అందులో సభ్యులే. మీరు పార్లమెంటులో కూర్చుండజాలరు గాని గ్రామసభలో కూర్చుండుటకు ఎవ్వరి సిఫారసును అక్కఱలేదు. అడుగనిదే అమ్మయినను పెట్టదు.

తెలుగున అర్జీ వ్రాసిన తీసికొందురో లేదోయని సంకోచింపకుడు. రాష్ట్రమునగాని దేశమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు అర్జీ పెట్టుకొను హక్కును 350వ అధికరణము ఇచ్చినది. దానికి తమిళ ప్రతి నొకటి జతపరచుట మర్యాద, పనికిని మేలు. ఆ ప్రతి వ్రాసిపెట్టుటకు మన పెద్దతరగతుల పిల్లలున్నారు, మేమున్నాము.

ఒక తరగతిలో పదిమంది, లేక ఒక బడిలో నలువదిమంది పిల్లలున్నచో మాతృభాషోపాధ్యాయుని నియమింపవలెనని 1949లో రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. ఆ పదిమందిని లెక్కించి చూపవలసినవారు మీరే. లెక్కలో లేని పిల్లవానికి ఢిల్లీ సభయు, ఊరి సభయు ఏమియు చేయజాలవు.

ఎనిమిదవ తరగతి పిల్లవానికి ఆనాడు మేము, "కాలువ కొరకు పంచాయతీకి వ్రాయవలెను. పంచాయతీకి కాలువ బాగుచేయు శక్తి లేనిచో, ఆ శక్తి నీయుడని చెన్నైకిని, ఢిల్లీకిని వ్రాయవలెను" అని జవాబు చెప్పితిమి. వాడు రెండును పుస్తకములో వ్రాసికొనెను.

ఇంటివద్ద పిల్లలతో చర్చించుటకు ప్రశ్నలు

1. మన వార్డు మెంబరు స్థానమునకు కడపట ఎన్నిక ఎప్పుడు జరిగినది?
2. 11వ షెడ్యూలులోని 29 విషయములలో మన పంచాయతీ నిజముగా చేయుచున్నవి ఎన్ని?
3. మన పార్లమెంటు సభ్యుడు గత సమావేశములో అడిగిన ప్రశ్న ఒకటి చెప్పుడు.
4. కడచిన గ్రామసభకు మన ఇంటినుండి ఎవరు వెళ్ళిరి? వెళ్ళనిచో ఏల?

నాలుగవ ప్రశ్నను పిల్లలు మిమ్ములను అడిగినప్పుడు కోపపడవలదని ప్రార్థించుచున్నాము.